బర్రె వేషం

అడవీ పొలాలూ కలిసే చోట కొండవాగు పారుతుంది. అక్కడ మేకలు, బర్రెలు, దుప్పులు, ఎలుగులు ఒకే రేవులో నీళ్లు తాగుతాయి. కబుర్లకు కొదవ లేదు గానీ, ఆటపాటలకు మాత్రం నక్క ఓబులేసు నాటక కంపెనీ రావాల్సిందే. కంపెనీ ఉన్నన్నాళ్లూ ఓబులేసు మేకల వైపు ఆకలి చూపు చూడకూడదని కట్టుబాటు. కష్టమైనా పాటించేవాడు, చప్పట్లంటే అతనికి అంత ఇష్టం.

ఆ ఏడు కొత్త నాటకం ప్రకటించాడు. పేరు 'వాగును నిలిపిన బర్రె'.

జరిగిన కథే అది. పన్నెండేళ్ల కిందట వాగు పొంగి, మేకపిల్లలు అవతలి గడ్డన చిక్కుకుపోతే, గంగులవ్వ అనే బర్రె వరదకు అడ్డంగా నిలబడింది. పిల్లలన్నీ దాని వీపు మీదుగా ఇవతలికి దాటాయి. గంగులవ్వ ఇప్పటికీ ఉంది. దాని మనవరాలు నేరేడు, ఈమధ్యే ఎదిగొచ్చిన పడ్డ, ఆ కథ వింటూనే పెరిగింది. అవ్వ ఎక్కడ ఊపిరి బిగబట్టిందో, ఎక్కడ గట్టిగా అరిచిందో అంతా దానికి కంఠతా వచ్చు.

కబురు వినగానే పరుగున వెళ్లింది.

"ఓబులేసు మామా, ఆ బర్రె వేషం నాకియ్యి."

ఓబులేసు దాన్ని కొమ్ముల నుంచి తోక దాకా చూశాడు. "అది కథానాయిక వేషం తల్లీ. చూసేవాళ్లకు ఇంపుగా ఉండాలి. దుప్పి చంద్రకళ కడుతోంది."

"దుప్పి బర్రె ఎట్లవుతుంది?"

"మసి పూస్తాం. కట్టె కొమ్ములు కడతాం."

"నాకు మసి అక్కర్లేదు కదా మామా!"

"అదేనమ్మా చిక్కు. కడిగితే పోయే నలుపైతే జనానికి ముద్దొస్తుంది. పైగా ఆ పొట్ట, ఆ మెడ..." ఓబులేసు నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "మీవాళ్లకు నేనేం తక్కువ చేశాను? పోయినేడు యముడి వాహనం ఎవరు కట్టారు? అంతకుముందు తిండిపోతు వేషం? నువ్వు బలంగా ఉన్నావు, తెర లాగు."

నేరేడు తెర లాగడానికి ఒప్పుకుంది. చిక్కిపోతే ఎప్పటికైనా వేషం దొరుకుతుందని మనసులో ఆశ.

ఆ రోజు నుంచి మేత మానేసింది. వాగులో తన నీడ చూసుకుని పొట్ట లోపలికి పీల్చేది. పీల్చి వదిలాక ఏడుపొచ్చేది. తొమ్మిది రోజులకు ఎముకలు తేలాయి.

గంగులవ్వ జొన్న చొప్ప నోటితో లాక్కొచ్చి ముందు పడేసింది. "తినే."

"వద్దవ్వా. లావవుతాను."

"లావు కాకపోతే బర్రెవెట్లవుతావు? ఆనాడు వాగులో నేను దేంతో నిలబడ్డాననుకున్నావు? ఈ పొట్టతోనే."

"అది నీ కాలం అవ్వా. ఇప్పుడు వరద ఎవడు చూస్తాడు? మెడ చూస్తారు."

అవ్వ మనవరాలి ఎండిన వీపును నాలుకతో నాకుతూ కూర్చుంది.

మర్నాడు సాధనలో తెర లాగుతూనే నేరేడు కళ్లు తిరిగి పడిపోయింది. ఓబులేసు "తెర జాగ్రత్త!" అని అరిచాడు. దగ్గరకు పరిగెత్తుకొచ్చింది చంద్రకళ ఒక్కతే.

"ఏమైందే?"

"నీలాగా సన్నబడదామని తినడం లేదక్కా."

చంద్రకళ అటూ ఇటూ చూసి, చెవిలో చెప్పింది. "పిచ్చిదానా, నాకు రోజుకు ఏడాకులే పెడుతున్నాడు. ఎనిమిదో ఆకు తింటే వేషం తీసేస్తానన్నాడు. ఆకలికి ఆ కట్టె కొమ్ములే కొరికాను. చూడు, పళ్ల గాట్లు."

నేరేడు చూసింది. గాట్లు నిజంగానే ఉన్నాయి. ఏడుద్దామనుకుంది గానీ నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వి నవ్వి, వెనక చేలోకి జారుకుని, కోత అయిపోయిన అలసంద తీగల్లో మూతులు పెట్టారు. అది మొదలు రోజూ అక్కడే వాళ్ల విందు.

ఆట దగ్గర పడింది. ఓబులేసు వినయంగా గంగులవ్వ దగ్గరకొచ్చాడు. "అవ్వా, కథ మీది. మీరొచ్చి ముందు కూర్చుంటే అడవంతా తరలొస్తుంది."

అవ్వ నెమరు ఆపింది. "వస్తాను నాయనా. ఒక్కటే కోరిక. గట్టు మీద కాదు, వాగులోనే ఆడు. నేను నిలబడిన చోటే. మేకపిల్లలు కూడా నిజమైనవే ఉండాలి."

ఓబులేసు చెవుల్లో అప్పుడే చప్పట్లు మోగాయి. "ఆహా, ఎంత గొప్పగా ఉంటుంది! అట్లాగే అవ్వా." మసి సంగతి ఆ క్షణంలో అతనికి తట్టలేదు.

ఆట రోజు మధ్యాహ్నం రెండు గట్లూ నిండిపోయాయి. అవ్వ గట్టెక్కలేదు. కొంచెం దిగువన, నీళ్లలోనే అడ్డంగా పడుకుని చూస్తానంది. ముసలి బర్రెకు చల్లదనం కావాలి కాబోలనుకున్నారు అందరూ.

నేరేడు తెర లాగింది. చంద్రకళ వాగులో దిగి, "నేను బర్రెను! నన్ను దాటి పోలేవే ఓ వరదా!" అంది. వరద దాటలేదు గానీ మసి మాత్రం తేలిపోయింది. ముందు కాళ్లు, తర్వాత పొట్ట, చుక్కలు చుక్కలుగా దుప్పి బయటపడింది. గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

అంతలో రెండు మేకపిల్లలు దాని వీపెక్కాయి. చంద్రకళ కాళ్లు వణికాయి. మూడోది దూకింది. తల్లిమేక లచ్చుమక్క గట్టు మీద లేచి నిలబడింది. "అయ్యో, నా బిడ్డలు!"

"నేరేడూ, నావల్ల కాదే!" చంద్రకళ కేక పెట్టింది.

నేరేడు తెర తాడు వదిలేసి నీళ్లలోకి నడిచింది. మెడ గురించి, పొట్ట గురించి దానికి గుర్తే లేదు. ప్రవాహానికి అడ్డంగా నిలబడి, నాలుగు కాళ్లూ ఇసకలో దిగేసి, అవ్వ చెప్పిన చోటే ఊపిరి బిగబట్టింది. విశాలమైన ఆ వీపు మీదికి పిల్లలు ఒక్కొక్కటే మారాయి. చివరిది తీరిగ్గా నడుమ నిలబడి తోకాడించి మరీ దాటింది. అప్పుడు నేరేడు తల ఎత్తి ఒక్క అరుపు అరిచింది.

రెండు గట్లూ మోగిపోయాయి. దిగువన అవ్వ మెల్లగా లేచి, "నేనింత బాగా చేయలేదు," అంది. పక్కకు జరిగిన చంద్రకళ నీళ్లు విదిలించుకుంటూ అందరికంటే గట్టిగా కేకలు వేసింది.

"ఇదంతా నేను ముందే అనుకున్నదే!" అంటూ ఓబులేసు ముందుకొచ్చాడు. లచ్చుమక్క అతని మాట సాగనివ్వలేదు. "అనుకుంటే మంచిదే. రేపటి నుంచి బర్రె వేషం బర్రెకే. లేకపోతే ఒక్క మేక కూడా నీ ఆట చూడదు."

మర్నాడు పొద్దున్నే డేరా ముందు పెద్ద వరస ఉంది. రాకుమారి వేషానికి ఎలుగు, ప్రేమికుడి వేషానికి కప్ప, మహారాజు వేషానికి ముళ్లపంది. ఓబులేసు ఒక్కొక్కరినీ చూసి, నిట్టూర్చి, "రండి, లోపలికి రండి," అన్నాడు. కాదంటే చప్పట్లు ఎక్కడి నుంచి వస్తాయి మరి?

నేరేడు కథ వల్ల తెలిసేది ఇదే: మన కథ కావాలి గానీ మన రూపం వద్దనేవాడి కళ్లతో మనల్ని మనం చూసుకోకూడదు.