పొడికి మూసిన తలుపులు

ఒక రాజుగారి కోటలో దర్బారు పైకప్పు కోసం పల్చటి చెక్కలను జిగురుతో ఒకదానిమీదొకటి అతికించి, గరుకురాయితో నున్నగా రుద్దేవారు. రుద్దుతుంటే పిండిలాంటి పొడి లేచేది. పక్కనే దివానుగారి కచేరీ. పొడి అటు రాకూడదని ఆయన వడ్రంగుల పనిగది తలుపులు మూయించాడు. పనివాళ్ళు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే, తన ముందు మొహం కప్పుకోవడం అమర్యాదని అదీ మాన్పించాడు.

ఏడాది తిరిగేసరికి వడ్రంగి లింగాచారి దగ్గుతూ మంచం పట్టాడు. అతని భార్య ఓబుళమ్మ వెళ్ళి రాజుగారికి మొరపెట్టుకుంది.

"చెక్కపొడికే మనిషి పడిపోతాడా ప్రభూ? అంతా ఒట్టి సాకు," అన్నాడు దివాను.

"ఏమీ చెయ్యని పొడికి తలుపులెందుకు మూయించారు బాబయ్యా?" అంది ఓబుళమ్మ. "తీయించండి. మీ కచేరీలోకీ రానివ్వండి."

రాజు ఆ పూటే పనిని ఆరుబయటికి మార్పించి, అందరికీ తడిగుడ్డలు ఇప్పించాడు.

ఓబుళమ్మ పరుగున ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పింది. లింగాచారి కళ్ళు మెరిశాయి.

"అయితే రేపు నేనూ పనికి పోతానే," అన్నాడు, లేచి కూర్చోలేక దగ్గుతూ.

"అలాగేలే," అంది ఓబుళమ్మ చివరికి. దివానుకు తడుముకోకుండా జవాబు చెప్పిన ఆ నోటికి, ఆ ఒక్క మాట రావడానికి చాలాసేపు పట్టింది.