ఆరగానే వేలు తియ్యాలి

గురువు దగ్గర సెలవు తీసుకుని మూడు గంటల బస్సుకు వెళ్లిపోదామని మొగిలయ్య సంచీతో సహా ఆశ్రమానికి వచ్చాడు.

"నాతోని గాదు సామీ," అన్నాడు, కూర్చోకుండానే. "ఇగ నేను ధ్యానానికి కూసోను."

మొగిలయ్య సబ్‌స్టేషన్లో ఆపరేటరు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. కరెంటు పోతే వెయ్యాలి, అదీ అతని పని. అన్నం తింటున్నా సరే, లైను ట్రిప్పయిందని గంట మోగితే ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తేవాడు. అలాంటి మనిషి రెండు నెలల కిందట కూర్మదాసు దగ్గర ఉపదేశం తీసుకున్నాడు.

"ఏమైతాంది?" అని అడిగాడు కూర్మదాసు.

"మొదలు మంచిగనే ఉంటది సామీ. జరసేపటికి కాళ్లు తెల్వయి, చేతులు తెల్వయి. నా పేరు సుత యాదికి రాదు. ఆఖరుకు టక్కున మొత్తం ఆరిపోతది. సచ్చిపోతున్న అనిపించి కేకపెట్టి లేస్త." మొగిలయ్య గొంతు తగ్గించాడు. "ఇప్పుడు పండుకోవాలన్నా భయమే. నిద్రల గూడ గట్లనే ఆరిపోతే? పదకొండు రోజులాయె, సక్కగ కన్ను మూయక."

"అది చావు గాదని చెప్పిన గద?"

"చెప్పిన్రు సామీ. తెలుసు. తెలిస్తే ఏం లాభం?"

కూర్మదాసు ఒకప్పుడు మగ్గం నేసినవాడు. తెగిన పోగు అతికినంత ఓపిగ్గా మాట్లాడతాడు, అందుకే తక్కువ మాట్లాడతాడు. గూట్లోంచి డీవీడీ రిమోటు, మడతలు నలిగిన కాగితం ఒకటి తీసి ఇచ్చాడు.

"పోదువు తియ్యి. బస్సుకు ఇంకా టైమున్నది. కరెంటు పని తెల్సినోనివి, ఇది జర చూసిపో."

పాతకాలపు గురువుల తత్వాలు వినడానికని శిష్యులు ఆశ్రమానికి టీవీ, డీవీడీ కొనిపెట్టారు. టీవీ రిమోటును కిందటి వారం కోతి ఎత్తుకుపోయింది. ఏ కొమ్మ మీద కూర్చుని ఏ ఛానల్ మారుస్తోందో తెలియదు. డీవీడీ రిమోటుకే నేర్పితే అది టీవీకి కూడా పనిచేస్తుందని ఆ కాగితంలో ఉంది.

మొగిలయ్య చదివాడు. పెద్ద కష్టమేమీ కాదు. టీవీ వేసి ఉంచి, రిమోటు మీద టీవీ బొమ్మ ఉన్న బటన్ నొక్కి పట్టుకోవాలి. రిమోటు ఒక్కో కంపెనీ టీవీ కోడూ వరసగా పంపుతూ పోతుంది. సరైన కోడు తగలగానే టీవీ ఆరిపోతుంది. ఆరగానే వేలు తీసెయ్యాలి. తీస్తే ఆ కోడు రిమోటులో నిలుస్తుంది, తియ్యకపోతే దాటిపోతుంది. మళ్లీ మొదటికి రావాలి.

బయట ముసురు. జల్లు కొట్టకుండా తలుపులూ కిటికీలూ మూసేశారు. టీవీ వెలుగు తప్ప హాల్లో వేరే వెలుగు లేదు.

మొగిలయ్య నొక్కి పట్టుకున్నాడు. ఎప్పుడు ఆరుతుందా అని ఎదురుచూడటం అతనికి జన్మలో ఇదే మొదలు. అర నిమిషం గడిచింది.

టక్కున ఆరింది.

"పోయింది!" అని అరిచాడు. బొటనవేలు లేవలేదు సరికదా, ఇంకా బిగుసుకుంది. అట్లాగే పరిగెత్తి టీవీ కిందున్న బటన్ నొక్కి బొమ్మ తెప్పించాడు. అప్పుడుగానీ అతనికి ఊపిరాడలేదు.

"కాగితంల ఏమున్నది?" అన్నాడు కూర్మదాసు.

"ఆరంగనే వేలు తియ్యాలని."

"మరి?"

"తెలుసు సామీ."

రెండోసారీ అంతే. మూడోసారి ఆరకముందే చెమటలు పట్టాయి. ఆరేసరికి మళ్లీ పరిగెత్తాడు.

"టీవీ కరాబైతదేమో సామీ," అన్నాడు రొప్పుతూ.

"టీవీకి ఏ భయమూ లేదు."

నాలుగోసారి కూర్మదాసు వచ్చి పక్కన కూర్చున్నాడు. మొగిలయ్య చేతిమీద తన చెయ్యి వేశాడు. ఇద్దరూ టీవీకేసి చూస్తూ కూర్చున్నారు.

ఆరింది. మొగిలయ్య వేలు బిగుసుకుంది. కూర్మదాసు మగ్గం మీద పోగు ఎత్తినట్టు ఆ బొటనవేలిని మెల్లగా పైకి ఎత్తాడు.

హాలంతా చీకటి. పెంకుల మీద వాన చప్పుడు. మొగిలయ్య లేవబోయాడు, కానీ చెయ్యి గురువు చేతిలో ఉండిపోయింది. పళ్లు కరుచుకుని, ఆ చెయ్యే గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు.

"ఉన్నవా మొగిలీ?"

"ఉన్న సామీ."

"అయితే ఇప్పుడు పవర్ బటన్ నొక్కు."

నొక్కాడు. టీవీ వెలిగింది. మళ్లీ నొక్కాడు, ఆరింది. ఈసారి లేచి పరిగెత్తలేదు.

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది.

"బస్సొచ్చినట్టుంది," అన్నాడు కూర్మదాసు.

"ఐదింటికి ఇంకొకటి ఉన్నది సామీ."

కూర్మదాసు లేచి వెళ్లిపోయాడు. మొగిలయ్య సంచీని ఒళ్లో పెట్టుకుని, దాని పట్టె గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి కాళ్లు పోయాయి. చేతులు పోయాయి. పేరు పోయింది. భయం మాత్రం ఎప్పటిలాగే వచ్చింది.

టక్కున ఆరింది.

సంచీ పట్టె మీద బిగుసుకున్న బొటనవేలు మెల్లగా పైకి లేచింది.