శేషుబాబు కనిపెట్టిన వలయం

శేషుబాబుకి ఆకాశంలో కొత్త నెబ్యులా ఒకటి దొరికింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు వీడి సంగతి చెప్పాలి. మునిసిపాలిటీలో వీధిదీపాలు చూసే ఇంజనీరు. పగలంతా ఊరికి లైట్లు పెట్టిస్తాడు, పొద్దుగూకాక పెరట్లో టెలిస్కోపు పక్కన కూర్చుని ఆ లైట్లనే తిట్టుకుంటాడు. ఏం చేస్తాడు పాపం! బెజవాడ పక్కన పోరంకిలో ఇల్లు. ఇటు బందరు రోడ్డు, అటు ఫంక్షన్ హాలు. పైకి చూస్తే ఆకాశం నల్లగా ఉండదు, పలచటి టీ రంగులో ఉంటుంది. గట్టిగా వెతికితే నాలుగు చుక్కలు కనపడతాయేమో. అలాంటి చోటినుంచి నెబ్యులాలని, అంటే చుక్కల మధ్య మేఘాల్లా పరుచుకున్న వాయువునీ ధూళినీ, ఫొటోలు తీస్తానన్నాడు. మేమంతా నవ్వాం.

సువార్తమ్మగారు నవ్వలేదు. ఆవిడ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. చుక్కలని ఫొటో తీయడం నాకూ వాడికీ నేర్పింది ఆవిడే. నేను బద్ధకస్తుణ్ణి, వాడు ముద్దుల శిష్యుడు.

"కెమెరాకి బోలెడు ఓపిక నాయనా. నీకూ ఉంటే చాలు," అన్నారు వాడితో.

వాడు నిజంగానే ఓపిక పట్టాడు. ఆ చలికాలమంతా, గులాబీ పువ్వులా ఉండే ఒక నెబ్యులా వైపు టెలిస్కోపు తిప్పి, దానికి బిగించిన కెమెరాతో అదే ఫొటో మళ్లీ మళ్లీ తీశాడు. విడిగా చూస్తే ఏ ఫొటోలోనూ ఏమీ ఉండదు, అంతా లైట్ల మసకే. అలాంటివి గుట్టలుగా పోగేసి కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, అప్పుడు మెల్లగా పువ్వు బయటికి వస్తుంది. ఎండలు ముదిరితే ఆ పువ్వు సూర్యుడి వెనకే దిగిపోతుంది. ఇక వచ్చే చలికాలం దాకా దాని మొహం చూడలేం.

అలా పేర్చిన ఫొటోలో పువ్వు పక్కన వాడికి ఇంకోటి కనపడింది. చిన్న మసక వలయం, మధ్యలో చిల్లుతో అచ్చం గారెలా. ఉన్న పటాలన్నీ తిరగేశాడు. ఎక్కడా లేదు. ఇంకేముంది, తెల్లారీ తెల్లారకముందే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని సువార్తమ్మగారింటికి పరుగు. నేనప్పటికే అక్కడున్నాను, ఆవిడ పెట్టే అల్లం టీ కోసం.

"అమ్మా, ఇప్పటిదాకా ఎవ్వరూ చూడలేదమ్మా దీన్ని!"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగారు. "రోజూ ఉందా ఇది?"

"ఏ రోజు ఫొటోలు ఆ రోజు పేర్చి చూసినా ఉంది. ఫొటోలో అదే చోట, ఇంత కూడా కదల్లేదు. ఉత్తదే అయితే ఒకరోజు కనపడి ఒకరోజు కనపడకుండా పోవాలి కదమ్మా?"

ఆవిడ తెర మీద ఆ గారె చుట్టూ వేలితో గీసి చూశారు.

"దీనికి మీ పేరే పెడుతున్నా. సువార్త వలయం! శనివారం సైన్సు క్లబ్బు మీటింగులో అందరి ముందూ చెప్పేస్తా. మీకు నేను ఇంతకంటే ఏం ఇచ్చుకోగలనమ్మా?"

ఆవిడ ఫొటోని చూశారు, తర్వాత వాణ్ణి చూశారు.

"టిఫిన్ చేశావా?" అన్నారు.

చేయలేదు. ఇడ్లీలు పెట్టారు. వాడు తింటూ కూడా వలయం గురించే మాట్లాడాడు. రెండోసారి చట్నీ వేస్తూ ఆవిడ, "కెమెరా విప్పావా?" అని అడిగారు.

"లేదమ్మా. బిగించింది బిగించినట్టే ఉంది."

"విప్పకు. చెయ్యి కూడా వెయ్యకు. సాయంత్రం చీకటి పడకముందే నేనొస్తా."

చుక్కల ఫొటోలకి చీకటి పడకముందు రావడమేంటో వాడు అడగలేదు. వాడు ఈ లోకంలో ఉంటే కదా! నాకు మాత్రం ఆవిడ వాలకం చూస్తే ఎక్కడో తేడా కొట్టింది. శనివారం క్లబ్బులో కూర్చునేవాళ్లు ఎలాంటివాళ్లో నాకు తెలుసు. ఒక్క పొరపాటు దొరికితే ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుకునే రకాలు.

సాయంత్రం ఆవిడ చేతిసంచితో ఆటో దిగారు. నేనూ వెళ్లాను, ఉండబట్టలేక. శేషుబాబు భార్య పద్మలత లోపలికి రమ్మన్నా వినకుండా, ఆవిడ నేరుగా పెరట్లోకి నడిచారు. సంచిలోంచి తెల్లచీర తీశారు. ఆదివారాలు చర్చికి కట్టుకెళ్లే చీర అది, గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఉంది.

"అయ్యో, నలిగిపోతుందండీ!" అంది పద్మలత.

"నలగనీలేమ్మా."

టెలిస్కోపు మూతి మీద చీరని ఒంటిపొరగా, ముడత లేకుండా లాగి కప్పారు. జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు తీసి చుట్టూ బిగించారు. టెలిస్కోపుని ఇంకా వెలుతురున్న ఆకాశం వైపు పైకి తిప్పించి, "ఇప్పుడు ఫొటో తియ్యి," అన్నారు.

"చీరనా?"

"ఆఁ, చీరనే."

వాడు నవ్వుకుంటూ తీశాడు. తెర మీద ఒట్టి తెల్లటి వెలుగు తప్ప ఇంకేమీ లేదు.

"ఏముందమ్మా ఇందులో? ఏమీ లేదు."

"నీ వలయాన్ని మసకలోంచి ఎలా బయటికి లాగావో, దీన్నీ అలాగే లాగు."

వాడు కాంట్రాస్టు పెంచాడు. ఇంకాస్త పెంచాడు. అంతే, వేళ్లు ఆగిపోయాయి.

గారె! అదే చోట, అంతే సైజు, మధ్యలో అదే చిల్లు.

కాఫీ పట్టుకొచ్చిన పద్మలత తెరలోకి తొంగి చూసింది. "ఇదేనా మీరు కనిపెట్టింది? భలే స్పష్టంగా వచ్చిందే!" అంది సంతోషంగా. నాకు నవ్వు గొంతుదాకా వచ్చింది. వాడి మొహం చూసి మింగేశాను.

అంటే వలయం ఆకాశంలో లేదు. కెమెరా ముందుండే గాజు మీద ఎప్పుడో దుమ్ము నలుసు ఒకటి వాలింది. చలికాలమంతా ప్రతి ఫొటోలోనూ పడింది దాని నీడ. పేర్చినకొద్దీ పువ్వుతో పాటు అదీ తేలింది.

"నలుసుకి మీ పేరు పెట్టానమ్మా," అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

"పెడితే ఏమైంది? నా సైజుకి సరిగ్గా సరిపోయింది," అన్నారావిడ. మనిషి నిజంగానే పిడికెడు ఉంటారు.

వాడు నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి లెన్సు తుడిచే గుడ్డ లాగి, కెమెరా విప్పడానికి ఒక్క ఊపున దాని మర మీద చెయ్యి వేశాడు. "దీని సంగతి ఇప్పుడే చెప్తా. పీడ పోతుంది!"

"ముట్టుకోకు!"

ఆవిడ అరవడం నేనెప్పుడూ వినలేదు. వాడి మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఇది తుడిస్తే కెమెరా శుభ్రమవుతుంది. మరి ఇప్పటిదాకా తీసిన ఫొటోల సంగతి?"

వాడు ఆగిపోయాడు. నాకూ అప్పుడే వెలిగింది. ఆ నీడ ఇప్పటికే ప్రతి ఫొటోలోకీ ఎక్కేసింది. నలుసు ఎక్కడుందో, ఎంత వెలుతురు మింగుతోందో తెలిస్తేనే కంప్యూటరు ఆ నీడని వాటన్నిటిలోంచీ ఎత్తేయగలదు. ఆ సంగతి చెప్పేది ఈ చీర ఫొటో ఒక్కటే. నలుసుని కదిపేశాక ఎన్ని చీరలు కప్పినా లాభం లేదు, వాడి చలికాలమంతా గంగపాలే. ఈ పాఠం ఆవిడ మా ఇద్దరికీ ముందే చెప్పారు. ఆకాశం తీయడానికే టైము చాలనప్పుడు తెల్లగుడ్డని ఎవడు తీస్తాడని మేమే వదిలేశాం.

"వెలుతురు పోకముందే కానివ్వు," అన్నారావిడ, చెయ్యి వదిలి.

వాడు గుడ్డ జేబులో పెట్టేసుకుని, వెలుతురు ఉన్నంతసేపూ చీరని తీస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, చలికాలపు ఫొటోలన్నిటినీ ఈ చీర ఫొటోలతో సరిచేసి, మళ్లీ మొదటినుంచీ పేర్చాడు. మేం కాఫీలు చల్లారబెట్టుకుంటూ చూస్తున్నాం.

వలయం పోయింది. అది కూర్చున్న చోట, ఇన్నాళ్లూ దాని కింద అణిగి ఉన్న సన్నటి ఎర్రటి పొర ఒకటి తేలింది. పువ్వు రేకుల్లో ఒకదాని అంచు అది. పోరంకి పెరట్లోంచి, ఆ ఫంక్షన్ హాలు లైట్ల కిందనుంచి! వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

సువార్తమ్మగారు అప్పటికే చీర విప్పి మడతపెట్టుకుంటున్నారు. ఒక్కరి వల్ల కావడం లేదు. వాడు లేచి వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ దూరం జరిగి లాగి పట్టారు, మళ్లీ దగ్గరికొచ్చి కొసలు కలిపారు.

"పొద్దున ఫొటో చూడగానే తెలిసిపోయింది కదమ్మా మీకు?"

"తెలిసింది."

"అప్పుడే ఒక్క మాట అనొచ్చు కదా. ఆటోలో పడి ఇంత దూరం రావడం, బంగారంలాంటి చీర నలుపుకోవడం..."

ఆవిడ వాడి చేతిలోంచి కొసలు అందుకున్నారు.

"చెప్పుంటే, నేనొచ్చేలోపు తుడిచేసేవాడివిరా."