బొమ్మ కొట్టానికి అసలు చెక్క

పెన్నేటి ఒడ్డున ఒక పల్లెలో ఏకాంబరం అనే బొమ్మల పనివాడు ఉండేవాడు. చేతిలో మంచి పనితనం ఉంది గానీ, నలుగురూ మెచ్చుకుంటారంటే చాలు, ముందూ వెనకా చూసేవాడు కాదు.

పట్నంలో ప్రదర్శనకు ఒక బుల్లి పల్లెటూరు చేసిమ్మని అతణ్ణి అడిగారు. ఇళ్లు, బండి, గడ్డివాము అన్నీ కుదిరాయి. పశువుల కొట్టం మాత్రం కుదరలేదు. ఉన్నది జానెడే అయినా, ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు నానినట్టు కనిపించాలి. టీ డికాషన్ పూశాడు. పొగ పట్టించాడు. గరుకు కాగితంతో రుద్దాడు.

"ఏమయ్యా, నిన్న కట్టినట్టుందే!" అని నవ్వింది భార్య మునెమ్మ.

అంతే, ఉక్రోషం వచ్చేసింది. పెరట్లో తమ కొట్టం వెనక్కి వెళ్లాడు. అక్కడ గుంజలకు ఊతంగా ఏటవాలుగా కొట్టిన పాత చెక్కలున్నాయి. బూడిదరంగు తిరిగి, అంచులు చెదలు కొరికి, అతని కంటికి ఎంత ముద్దొచ్చాయో! "వెనకవైపే కదా, ఎవరు చూడొచ్చారు?" అనుకుని ఊడబెరికాడు. సన్నగా చీల్చి బొమ్మ కొట్టానికి అతికించాడు.

"అబ్బ, అచ్చం మన కొట్టమే! ఈ చెక్క ఎక్కడిదయ్యా?" అంది మునెమ్మ.

"ఎక్కడో దొరికిందిలే," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. గేదెనూ దూడనూ విప్పుకురావడానికి మునెమ్మ కొట్టంలోకి పరిగెత్తింది. పెరటి అరుగు మీదున్న ఏకాంబరానికి కిర్రుమని చప్పుడు వినిపించింది. పిలవబోయాడు. పిలిస్తే ఎందుకని అడుగుతుంది. చెక్కల సంగతి చెప్పాలి. సిగ్గేసి ఆగిపోయాడు. మళ్లీ కిర్రుమంది. ఈసారి కప్పు పక్కకు ఒరిగింది.

"మునెమ్మా, బయటికి రా! ఊతం చెక్కలు నేనే పీకేశాను!" అని గావుకేక పెట్టాడు. పరిగెత్తి ఆమెను బయటికి ఈడ్చాడు. ఆమె దూడ పలుపు వదల్లేదు. ముగ్గురూ బురదలో పడ్డారు. వెనకే కొట్టం కూలింది. లోపల గేదె ఒక్కసారి అరిచింది. మళ్లీ అరవలేదు.

వాన వెలిశాక మునెమ్మ ఏడుస్తూ అరుగు వైపు చూసింది. దాని మీద బొమ్మ కొట్టం చెక్కుచెదరకుండా ఉంది.

"నీ కొట్టం నిలబడిందిగా. తల్లి లేని ఈ దూడను దాంట్లో కట్టెయ్," అంది.



అందుకే పిల్లలూ, పదిమంది మెప్పు కోసం మనల్ని నిలబెట్టే ఊతాన్ని ఊడబెరకకూడదు. బుద్ధి గడ్డి తిని ఊడబెరికినా, ఆ మాట వెంటనే చెప్పెయ్యాలి. పోయిన పరువు మళ్లీ తెచ్చుకోవచ్చు, పోయిన ప్రాణం తేలేం.