నూకాలు మామ్మను అడగని మాట

దుప్పటి కప్పుకున్నావా? ఇలా దగ్గరికి జరుగు. ఊఁ కొడుతూ వినాలి మరి.

అనగనగా ఒక వాగు. ఆ వాగు వారగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక బడి. ఆ బడిలో భూషణం మాస్టారని ఒకాయన పాఠాలు చెప్పేవారు. లెక్కలూ పద్యాలూ అయిపోయాక పెద్ద పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న వేసేవారు. మంచీ చెడ్డల గురించిన ప్రశ్న.

"ఇచ్చిన మాట ఎప్పుడైనా తప్పొచ్చా? ఆకలికి ఆగలేక దొంగతనం చేస్తే ఆ మనిషిని దొంగ అనొచ్చా?" ఇలాంటివన్నమాట. జవాబు ఆయన చెప్పేవారు కాదు. పిల్లలే వాదించుకోవాలి.

వాళ్ళలో ముగ్గురు గట్టివాళ్ళు. వీర్రాజు, గణపతి, మంగతాయారు. వీర్రాజు దేనికైనా ఒకటే అనేవాడు, "తప్పు తప్పేనండి. ఎవరు చేసినా, ఎందుకు చేసినా" అని. గణపతి కాస్త ఆలోచించి, "మంచివాళ్ళు ఏం చేస్తారో అది చెయ్యాలండి" అనేవాడు. మంగతాయారేమో, "ఎక్కువమందికి ఏది మేలో అదే మంచి" అనేది. ఆ పిల్ల నోరు విప్పిందంటే ఇంక ఎవరికీ ఎదురు చెప్పడానికి ఉండేది కాదు. అది చూసి మాస్టారు లోపల్లోపల మురిసిపోయేవారు.

అప్పుడేమైందంటే, ఒక శ్రావణంలో వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. వాగు పొంగి గట్టు అంచు దాకా వచ్చేసింది. గట్టు తెగి నీళ్ళు ఊరి మీద పడితే ఇళ్ళూ గొడ్లూ పిల్లాజెల్లా ఏదీ మిగలదు.

ఊరికి దిగువన, గట్టు పక్కనే నూకాలు మామ్మ తోట ఉంది. అవిసె చెట్లకు పాకించిన తమలపాకు తోట. మామ్మకి పిల్లల్లేరు. మొగుడు పోయి చాన్నాళ్ళయింది. ఆవిడకున్నదల్లా ఆ తోట, ఒక పెయ్యదూడ. అక్కడ గట్టుకి గండి కొడితే నీళ్ళన్నీ ఆ తోటలోకి మళ్ళిపోతాయి. ఊరు బతుకుతుంది.

ఊరి పెద్దలకి ఎటూ తోచక తడుస్తూ బడికి వచ్చారు. "మాస్టారూ, ధర్మం చెప్పండి" అన్నారు. మాస్టారు అలవాటు కొద్దీ పిల్లల వైపు తిరిగారు.

"ఇంకొకళ్ళ తోట ముంచే హక్కు మనకెక్కడిదండీ?" అన్నాడు వీర్రాజు.

"మంచివాళ్ళు అలాంటి పని చెయ్యరండి" అన్నాడు గణపతి. మరేం చేస్తారో మాత్రం చెప్పలేకపోయాడు.

అప్పుడు మంగతాయారు లేచింది. "తోట పోతే మళ్ళీ వేసుకోవచ్చు. మనుషులు పోతే మళ్ళీ వస్తారా?" అంది.

పెద్దలు తలలూపారు. మాస్టారు కూడా "అంతేనమ్మా" అన్నారు. పలుగులూ పారలూ పట్టుకుని అందరూ గట్టు మీదికి పరిగెత్తారు.

గండి పడింది. ఊరు నిలిచింది.

మామ్మ ఇల్లు దిబ్బ మీద ఉంది కాబట్టి ఆవిడకేం కాలేదు. పొయ్యి మీద ఎసరు పెడుతుంటే హోరు వినపడింది. బయటికొచ్చి చూసేసరికి తోట నీళ్ళలో ఉంది. తోట చివర పాకలో కట్టేసిన దూడ అరుస్తోంది. మామ్మ నడుం లోతు దాకా దిగింది. ఇంక అడుగు పడలేదు. ఆ తర్వాత అరుపు ఆగిపోయింది.

ఆ సంగతి తెలిశాక మంగతాయారుకి అన్నం సయించలేదు. మామ్మ దగ్గరికి బయల్దేరింది. మొదటిసారి వెళితే మామ్మ తలుపు తియ్యలేదు. రెండోసారి తమ ఇంట్లోని దూడని తోలుకెళ్ళింది. "దాని తల్లి వెతుక్కుంటుంది, తీసుకుపో" అని పంపేసింది మామ్మ. మూడోసారి ఉత్త చేతులతో వెళ్ళి అరుగు మీద కూర్చుంది. చాలాసేపటికి మామ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"మామ్మా, మేం చేసింది తప్పా?"

"తప్పని ఎందుకంటానే? ఊళ్ళో పసిపిల్లలున్నారని నాకు తెలీదూ? నన్నడిగితే నేనే పార పట్టుకొచ్చి మొదటి దెబ్బ వేసేదాన్ని. ముందు దూడని విప్పుకునేదాన్ని, అంతే. బడి నుంచి నా ఇల్లు ఎంత దూరమని? అందరూ కూర్చుని నా గురించి మాట్లాడుకున్నారట. నాతో ఒక్క మాట చెప్పాలని ఎవ్వరికీ తోచలేదా తల్లీ?"

మంగతాయారు అరుగు దిగి తిన్నగా బడికి నడిచింది.

ఆ మాట మాస్టారికి వచ్చి చెప్పింది. ఆయన మొహం చిన్నబోయింది. "నాకైనా తోచాల్సిందమ్మా. పిల్లలు ఎంత బాగా వాదిస్తున్నారో అని చూస్తూ ఉండిపోయాను" అన్నారు. ఆయనా వెళ్ళి మామ్మకి చేతులు జోడించారు. ఊరివాళ్ళు వెళ్ళి తోట మళ్ళీ వేసిపెడతామన్నారు. మామ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అందరికీ పీట వేసింది. కానీ తోట మాత్రం వెయ్యనివ్వలేదు.

ఏంటమ్మా? తర్వాతెప్పుడైనా వేసిందా అనా? లేదు బంగారం. బతికున్నన్నాళ్ళూ వెయ్యలేదు.

కొన్నేళ్ళకి మంగతాయారు అదే బడిలో టీచరమ్మ అయింది. పిల్లలకి ఈ సంగతంతా దాచకుండా చెప్పేది. ఎప్పుడూ ఎవరో ఒకరు అడిగేవారు, "ఊరు బతికింది కదండీ, మీ జవాబు సరైనదే కదా?" అని.

"సరైనదే నాన్నా. సరైన జవాబు దొరికిందన్న సంబరంలో అక్కడొక మనిషి ఉందనే మర్చిపోయాను" అనేది.

అంతవరకూ చెప్పి కిటికీ వైపు తిరిగిపోయేది. పిల్లలు పలకలు సర్దుకుని వెళ్ళిపోయేవారు.

ఇంక కళ్ళు మూసుకో నా తల్లీ.

కథేమో కంచి దారి పట్టింది,
నిదరేమో నీ రెప్పలు తట్టింది.