గోడ వెనకవైపు

పైడిరాజు థీసిస్ నాలుగోసారి కూడా సంతకం లేకుండానే తిరిగొచ్చింది.

మొదటి పేజీ మీద గైడు పట్నాయక్ మాస్టారి గుండ్రటి చేతిరాత: "ఇంకొక్క పరీక్ష మిగిలింది."

ఏ పరీక్షో రాయలేదు. మొదటిసారీ రాయలేదు, మూడోసారీ రాయలేదు. వెళ్ళి అడిగితే, "గోడ నీది. నీకే తెలియాలి" అంటారు. ఆ మాట వింటే పైడిరాజుకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఐదేళ్ళు కష్టపడ్డాడు. గోడలు కట్టడానికి, సిమెంటుతో పనిలేని దిమ్మ తయారుచేశాడు. కరెంటు కేంద్రంలో పారబోసే బూడిద, ఉక్కు కొలిమిలో మిగిలే చిట్టెం, ఆ రెండింటినీ పట్టి బిగించే ఘాటైన రసాయన ద్రావణం. యంత్రంలో పెట్టి నొక్కితే మామూలు దిమ్మకు రెట్టింపు బరువు ఓర్చింది. ఉప్పునీళ్ళ తొట్టిలో పద్దెనిమిది నెలలు నానబెడితే అంచు కూడా రాలలేదు. తన తరవాత చేరినవాళ్ళు ముగ్గురు డాక్టర్లయి వెళ్ళిపోయారు. తను మాత్రం ఇంకా హాస్టల్ పప్పుచారు తింటున్నాడు.

ఒక్క డిగ్రీ గొడవే అయితే ఎలాగో ఓర్చుకునేవాడు. దిబ్బపాలెం అని సముద్రం ఒడ్డున ఒక జాలరిపేట ఉంది. అక్కడి అంగన్‌వాడీ శ్లాబులో ఇనుము ఉప్పుగాలికి తుప్పుపట్టి, కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడుతోంది. ఆయా నూకాలమ్మ పిల్లల నెత్తిన పడకుండా పైన పాత వల కట్టింది. కొత్త గదులు పైడిరాజు దిమ్మలతో కట్టడానికి ప్రభుత్వ శాఖ ఒప్పుకుంది. మచ్చుకి ఒక గోడ ఏడాది కిందటే అక్కడ కట్టారు కూడా. ఇక కావలసింది మాస్టారి సంతకం ఒక్కటే.

ఆ రోజు థీసిస్ చంకన పెట్టుకుని తిన్నగా మాస్టారి గదికి వెళ్ళాడు.

"సార్, ఇంకే పరీక్ష కావాలో చెప్పండి. చేసేస్తాను. చెప్పకపోతే నేనేం చెయ్యను? అక్కడ పిల్లలు వల కింద కూచుని అక్షరాలు దిద్దుకుంటున్నారు."

మాస్టారు అతని ముఖం వంక చూశారు. "రేపు పొద్దున ఏడింటి బస్సుకి రా" అన్నారు.

బస్సులో రెండున్నర గంటలు. మాస్టారు కిటికీ పక్కన కూచుని హాయిగా కునుకు తీశారు. పైడిరాజు మాత్రం మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాడు. ప్రతి పోట్లాటలోనూ తనే గెలిచాడు.

దిబ్బపాలెంలో దిగాక, పడవలు చెక్కే వడ్రంగి దగ్గర మాస్టారు ఒక సమ్మెట అడిగి తీసుకున్నారు. గోడ దగ్గరికి వెళ్ళి, పంచె ఎగగట్టి, మూల దిమ్మ మీద బలంగా ఒక దెబ్బ వేశారు.

"సార్!"

ఖణేల్‌మంది. చెక్కు చెదరలేదు. రెండో దెబ్బ. మూడో దెబ్బ. అరవై దాటిన మనిషి రొప్పుతున్నారు. ఎంత కోపంగా ఉన్నా పైడిరాజుకి లోలోపల కాస్త గర్వంగానే ఉంది. పదకొండో దెబ్బకి గుప్పెడంత ముక్క ఊడి ఇసకలో పడింది.

మాస్టారు దాన్ని తీసి పైడిరాజు చేతిలో పెట్టారు.

"అతుకు."

"అతకొచ్చు సార్. ద్రావణం ల్యాబ్ నుంచి తేవాలి. చేతులు కాలుతాయి, గ్లవ్స్ వేసుకోవాలి. తరవాత వేడి పెట్టాలి. వారం పడుతుంది."

"నువ్వు లేకపోతే?"

"ఫోన్ చేస్తే వస్తాను సార్."

చప్పుడు విని అప్పటికే బయటికొచ్చిన నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయితే ఓపాలి ఎనకేపుకొచ్చి సూడు బాబూ."

పైడిరాజు నెలనెలా వచ్చి చూసేది సముద్రం వైపే. ఉప్పుగాలి కొట్టేది అటే కదా, మీటర్లన్నీ అటే బిగించాడు. వెనకవైపు, అంగన్‌వాడీ పెరటి వైపు, ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పని పడలేదు.

వెనక గోడకి అరచేతి వెడల్పున ఒక గుంట ఉంది. దాని కింద నేల మీద తెల్లటి సున్నం పెళ్ళలు.

"పిల్లల తువ్వాళ్ళు ఆరెయ్యడానికి మేకు కొట్టినాను బాబూ. నాలుగు మేకులు వొంగిపోనాయి. ఐదోదానికి ఇంత పెచ్చు ఎగిరిపోనాది. ఆల్చిప్పల సున్నం ఎట్టినాను. ఊడిపోనాది. మల్లీ ఎట్టినాను. మల్లీ ఊడిపోనాది. ఉప్పు నిలవెట్టే కొటారు గోడకి మా అత్త ఎట్టిన సున్నం ఇప్పుటికీ అలగే ఉంది. ఈ గోడ దేన్నీ అంటనీదు." ఆమె గోడని ఎగాదిగా చూసింది. "పొగరుమోతు గోడ."

పైడిరాజుకి ముఖం వేడెక్కింది.

"గోడకి మేకులు కొట్టకూడదు సార్. అది గోడ తప్పు కాదు. వీళ్ళకి తెలియక చేశారు."

"నిజమే" అన్నారు మాస్టారు. "మేకులు కొట్టని మనుషుల్ని తయారుచేసి తీసుకురా. సంతకం పెడతాను."

సమ్మెట వడ్రంగికి తిరిగిచ్చేసి, ఆయన పన్నెండింటి బస్సెక్కి వెళ్ళిపోయారు.

పైడిరాజు ఆ బస్సెక్కలేదు. ఆయన పక్కన ఇంకో రెండున్నర గంటలు కూచోవడం తనవల్ల కాదనుకున్నాడు. ఒడ్డున తిరగేసిన పడవ మీద కూచున్నాడు. చేతిలో ముక్క అలాగే ఉంది. సముద్రంలోకి విసిరేద్దామని రెండుసార్లు చెయ్యి ఎత్తి, దించుకున్నాడు.

పిల్లలు అన్నాలు తిని వల కింద వరసగా పడుకున్నారు. నూకాలమ్మ ఒక గిన్నెలో అన్నం, చేపల పులుసు తెచ్చి అతని పక్కన పెట్టింది.

తినడం అయ్యాక పైడిరాజు అడిగాడు. "మీ సున్నం ఎలా చేస్తావు నూకాలమ్మా?"

తరవాతి ఐదు నెలలూ అతను జీవితంలో అంతగా ఎప్పుడూ విసుక్కోలేదు. ఘాటు ద్రావణం తీసేసి, దాని బదులు ఆల్చిప్పల సున్నంతో బూడిదనీ చిట్టేన్నీ పట్టించాలని చూశాడు. కలిపిన ఒక ముద్ద బీటలు వారింది. ఒకటి బురదలాగే ఉండిపోయింది. ఒకటి ముట్టుకుంటే పొడి పొడిగా రాలింది. పదహారు ముద్దలు పాడయ్యాయి. ఒక్కొక్కటి పాడైనప్పుడల్లా మాస్టారిని తిట్టుకున్నాడు. తరవాత సున్నాన్ని తిట్టాడు, ఆల్చిప్పల్ని తిట్టాడు. నూకాలమ్మ మాత్రం అతను వచ్చి గుంటలో మెత్తి చూసిన ప్రతిసారీ అందులో వేలు పెట్టి గీకి, "ఊహూఁ, ఇదీ ఊడిపోద్ది" అనేది. ఒకసారి, "నీల్లు ఎక్కువైపోతన్నాయి బాబూ. సున్నాన్ని మూడ్రోజులు ముందే నానెట్టాల" అంది. అతనికి అదీ విసుగే. కానీ నానబెట్టాడు.

పదిహేడో ముద్ద అతను కలపలేదు. దగ్గర నిలబడి ఎంతెంతో చెప్పాడు, అంతే. నూకాలమ్మ కలిపి, కొబ్బరి పీచు డొక్కతో గుంటలోకి మెత్తి, తడి గోనె కప్పింది. వానాకాలమంతా గడిచింది. తుపాను గాలి ఒకటి వచ్చి వెళ్ళింది. అతుకు ఊడలేదు. ఆమె ఒకరోజు దాని మీదే కొత్త మేకు కొట్టి, పిల్లల తువ్వాళ్ళు ఆరేసింది.

ఆ పాళ్ళతోనే కొత్త దిమ్మలు పోసి, యంత్రంలో పెట్టి నొక్కి చూశాడు. అంకెలు మామూలు దిమ్మ కంటే ఎక్కువే ఉన్నా, తన పాత దిమ్మతో పోల్చుకుని తల పట్టుకున్నాడు. ఐదేళ్ళ కష్టంలో మూడోవంతు గాలికి పోయినట్టనిపించింది. అయినా ఉన్నది ఉన్నట్టే రాసి, థీసిస్ పట్టుకుని ఐదోసారి మాస్టారి గదికి వెళ్ళాడు.

మాస్టారు దాన్ని తెరవలేదు.

"అతుక్కుందా?"

"అతుక్కుంది సార్."

"అతికిందెవరు?"

"నూకాలమ్మ. నేను చెయ్యి పెట్టలేదు."

మాస్టారు తల ఊపి, పెన్ను కోసం జేబు తడుముకున్నారు. పైడిరాజు ఉండబట్టలేకపోయాడు. దాచి ఉంచలేని మనిషి.

"ఒక్క మాట సార్. బలం మూడోవంతు తగ్గింది."

మాస్టారు తల ఎత్తారు.

"ఎవరి బలం?"

"గోడ బలం" అనబోయిన పైడిరాజుకి, నూకాలమ్మ తనే మెత్తిన అతుకు మీద ఆరేసిన తువ్వాళ్ళు గుర్తొచ్చాయి; తన జేబులోని పెన్ను తీసి మాస్టారికి అందించాడు.