చిగుళ్ళ మీద నీలిగీత

బందరు మిషను బడిలో డ్రాయింగు చెప్పే కరుణమ్మకు కన్ను ఎంత చురుకో నోరు అంత పిరికి. ఏ పిల్ల జ్వరంతో వచ్చిందో, ఏ పిల్ల ఇంట్లో దెబ్బలు తిని వచ్చిందో గుమ్మంలోనే పట్టేసేది. పట్టేసి ఊరుకునేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని తల్లి చెప్పిన మాటను, నోరు మూసుకుంటే ఊరు మంచిదవుతుందని అర్థం చేసుకుంది కాబోలు.

అవి తెల్లదొరల రోజులు. కరుణమ్మ చెన్నపట్నంలో దురైరాజు మేష్టారి దగ్గర బొమ్మలు నేర్చుకుంది. ఆయన దగ్గర పారిసు నుంచి వచ్చిన కొత్తరకం బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. అందులో ఒకామె బుగ్గ ఆకుపచ్చగా ఉండేది. ఒకాయన ముక్కు పక్క నీడ నీలంగా ఉండేది. శిష్యులు నవ్వితే మేష్టారు కసిరేవాడు.

"మనిషి ముఖం గులాబీరంగులో ఉంటుందని మీకెవరు చెప్పారు? తెలిసిన రంగు కాదు, కనిపించిన రంగు వెయ్యండి" అనేవాడు.

ఇంత తెలిసిన మనిషికీ ఒక దురలవాటు ఉండేది. సీసంతో చేసే తెల్లరంగును సఫేదా అంటారు. అది అంటిన కుంచెను మొన తేలడానికి నోట్లో పెట్టుకుని చప్పరించేవాడు. కొన్నేళ్ళకు ఆయన చిగుళ్ళ అంచున నీలిగీత ఒకటి వచ్చింది. ఆ తరవాత కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది, మళ్ళీ లేవలేదు. "ఈ తెలుపు విషం, కరుణా. తియ్యగా ఉంటుంది. అందుకే మనకు తెలియదు" అన్నాడు ఆఖరికి.

కరుణమ్మ బందరు వచ్చిన నాలుగో ఏట పెదమల్లవరం దివాణం నుంచి కబురొచ్చింది. చిన్నరాణి భావయ్యమ్మకు నిలువెత్తు పటం వెయ్యాలి. అది ఘోషా ఇల్లు. మగవాడెవడూ రాణిగారి ముఖం చూడడానికి వీల్లేదు. ఆడమనిషి కావాలి, అదీ కుంచె పట్టిన ఆడమనిషి. జిల్లా మొత్తానికి కరుణమ్మ ఒక్కతే దొరికింది.

ఆమె సంతోషించింది, కానీ భయపడింది కూడా. ఆ దివాణంలో పెత్తనమంతా అత్తగారిది, పెద్దరాణిగారిది. పెద్దరాణి భర్తకు మెల్లకన్ను ఉండేది. ఆయన పటం వేసిన చిత్రకారుడు ఆ మెల్లను ఉన్నదున్నట్టు వేశాడు. పెద్దరాణి అతని రంగులూ కుంచెలూ కాలవలో పారేయించింది. ఆ తరవాత ఆ చుట్టుపక్కల ఎవరూ అతణ్ణి గడప తొక్కనివ్వలేదు. కరుణమ్మ ఆ సంగతి దారిలోనే బండివాడి నోట విన్నది.

భావయ్యమ్మకు పంతొమ్మిదేళ్ళు. అయిదో నెల కడుపుతో ఉండేది. చక్కని చామనఛాయ, కానీ ఆ ఛాయ ఎవరికీ కనిపించేది కాదు. కోడలు తెల్లగా ఉండాలని పెద్దరాణిగారి పట్టుదల. ఎక్కడినుంచో తెప్పించిన తెల్లపొడిని రోజూ దగ్గరుండి మరీ ఆమె ముఖానికీ మెడకూ పెదవుల దాకా పట్టించేది. ఆ పిల్ల మాత్రం పొడి పూసుకున్న బొమ్మలా కూర్చునే రకం కాదు. మహా మాటకారి.

"పంతులమ్మగారూ, బందర్లో సముద్రం ఒడ్డున ఆడవాళ్ళు తెరలు లేకుండా నడుస్తారటగా? నిజమేనా? చెప్పులు కూడా విప్పేస్తారా?" అని అడిగేది.

మూడోరోజు దివాణం పిల్లి రంగుపలకలో కాలుపెట్టి, ఆకుపచ్చ అడుగులతో తిన్నగా పెద్దరాణిగారి పట్టుదిండు మీదికి నడిచింది. భావయ్యమ్మ పొట్ట పట్టుకుని పగలబడి నవ్వింది. నోరంతా తెరిచి నవ్వింది.

కరుణమ్మ చేతిలో కుంచె ఆగిపోయింది. ఆ పిల్ల చిగుళ్ళ అంచున సన్నని నీలిగీత ఉంది.

మేష్టారి చిగుళ్ళ మీద చూసిన గీతే అది; ఆ తెల్లపొడిలోనూ సీసమే ఉందేమోనని ఆమెకు అనుమానం తగిలింది. అలవాటుపడ్డ చెయ్యి మనసును అడగలేదు. కనిపించిన రంగు కనిపించినట్టు వేసుకుపోయింది. మధ్యాహ్నానికి పటంలోని నవ్వు కింద నీలం, కళ్ళ కింద బూడిదరంగు, పూత వెనక పాలిపోయిన పచ్చదనం తేలాయి. పటంలో ఉన్నది రాణి కాదు, రోగి.

సరిగ్గా అప్పుడే పెద్దరాణి లోపలికి వచ్చింది. పటం ముందు నిలబడింది.

"ఏమిటిది పంతులమ్మా?"

కరుణమ్మ లేచి నిలబడింది.

"మా కోడలి ముఖాన నీలం ఎక్కడిది? కడుపుతో ఉన్న పిల్లను దయ్యం పట్టినదానిలా గీశావేం? నీకు అలా కనిపించిందా, ఉన్నమాట చెప్పు!"

అడిగిందండీ, ఉన్నమాట చెప్పమనే అడిగింది. చెప్పడానికి అంతకన్న మంచి అదను దొరకదు. కానీ కరుణమ్మకు కాలవలో తేలిపోతున్న కుంచెలు కళ్ళముందు కనిపించాయి.

"లేదండీ... అది పట్నంలో వచ్చిన కొత్త పద్ధతండీ. ముఖాలకు ఇలాంటి రంగులు వేస్తారు. మీకు నచ్చకపోతే తుడిచేస్తాను" అంది.

"నీ పట్నం పోకడలు నా కోడలి మీదా? తుడిచెయ్యి" అని పెద్దరాణి దాసీవైపు తిరిగింది. "ఈ పంతులమ్మకు తెలుపు ఆనుతున్నట్టు లేదు. రేపట్నుంచి పిల్లకు రెండు పూతలు పట్టించు."

ఆ మాట విని కూడా కరుణమ్మ నోరు తెరవలేదు. గుడ్డ తీసుకుని ఆ నీలాన్ని తుడిచేసింది. దాని మీద గులాబీరంగు వేసింది.

రోజూ పొద్దున్నే "ఈవేళ చెప్పేస్తాను" అనుకునేది. దివాణం గుమ్మం ఎక్కేసరికి "నేను పొరబడ్డానేమో" అనుకునేది. ఆరోరోజు భావయ్యమ్మ కడుపునొప్పి అంది. ఎనిమిదోరోజు తాంబూలం అందుకోబోతే ఆకులు ఆమె వేళ్ళ సందునుంచి జారి కిందపడ్డాయి. "చూశారా, నా చెయ్యి నా మాట వినడంలేదు" అని నవ్వబోయింది. ఈసారి నవ్వు పెదవులు దాటలేదు. వైద్యుడొచ్చి తెర ఇవతల కూర్చుని, తెరలోంచి చాపిన చేతిని పట్టుకుని నాడి చూశాడు. వేవిళ్ళ నీరసం, కంగారుపడొద్దన్నాడు. ఆయన ఆ ముఖం చూడలేదు, చూడనివ్వరు కూడా. చూసిన పైమనిషి ఒక్కతే. ఆమె గులాబీరంగు కలుపుకుంటూ కూర్చుంది.

పన్నెండోరోజు పొద్దున కరుణమ్మ వచ్చేసరికి వసారాలో ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. ఆమెను చూసి ఆపేశారు.

"ఏమయింది?" అంది.

"కడుపు పోయిందమ్మా" అంది దాసీ. "మగబిడ్డట."

లోపల పెద్దరాణి స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది. "ఆ పటం తొందరగా ముగించు పంతులమ్మా. పిల్ల వాలకం చూస్తే నాకు భయంగా ఉంది. మనిషి దక్కకపోతే పటమైనా..." అంది. ఆ వెనక మంచం మీద భావయ్యమ్మను దిండ్లకు జేరవేసి, పటం కోసమని దాసీ మళ్ళీ ఆ తెల్లపొడి పూస్తోంది. పిల్ల కళ్ళు మూసుకుని ఉంది.

"ఆపండి!"

ఆ కేక తనదేనని కరుణమ్మకు వెంటనే తెలియలేదు. వెళ్ళి పొడి భరిణె లాక్కుంది. అది అరచేతిలో రాయిలా బరువుగా ఉంది. ముఖానికి పూసే బియ్యప్పిండైతే అంత బరువెక్కడిది? చిటికెడు తీసి రంగుపలక మీద నూనెతో నూరింది. పక్కనే తన సఫేదా పెట్టింది. రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇదీ నా రంగూ ఒకటేనండీ. సీసం. ఇదే మా గురువుగారి చెయ్యి పడగొట్టింది. ఆయన చిగుళ్ళ మీద నీలిగీత చూశాను. అదే రాణిగారి చిగుళ్ళ మీదా చూశాను."

పెద్దరాణి ముఖం కందగడ్డ అయింది. "అంటే? నా కోడలికి నేనే విషం పెట్టానంటావా?"

కరుణమ్మ భరిణె వదల్లేదు. "మీరు తెలియక పూశారండీ. తెలిసి ఊరుకున్నదాన్ని నేను" అంది.

పెద్దరాణి మంచం దగ్గరికి వెళ్ళింది. తన వేలితో కోడలి పెదవి ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత అక్కడే నేలమీద కూలబడి, తన తెల్లచీర కొంగు నీళ్ళలో ముంచి, కోడలి ముఖం తానే తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ, ఏడుస్తూ, మళ్ళీ తుడుస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రమే తెర తీయించి మిషను ఆసుపత్రి దొరసాని డాక్టరును లోపలికి రానిచ్చారు. భావయ్యమ్మ బతికింది. ఆరునెలలకు లేచి తిరిగింది. వేళ్ళు కొంచెం కొంచెంగా మాట వినసాగాయి. కరుణమ్మను ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఆమె కుంచెలు ఎవరూ పారేయలేదు. ఆమె ఇన్నాళ్ళూ భయపడ్డదేదీ జరగలేదు.

ఒకరోజు ఆమె చూడడానికి వెళితే భావయ్యమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పూత లేని ముఖంతో తిన్నగా చూసింది.

"పంతులమ్మగారూ, ఒక్కటి అడుగుతాను. దాచకుండా చెప్పండి. మీరు మొట్టమొదట ఎప్పుడు చూశారు?"

"మూడోరోజునండీ" అంది కరుణమ్మ.

భావయ్యమ్మ తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. తిట్టలేదు, ఏడవలేదు.

"అప్పటికి వాడు కదులుతుండేవాడు" అంది.

కంటపడ్డ కీడును ఆరోజే నోరు తెరిచి చెప్పాలి; మన భయం తీరేదాకా కీడు ఆగదు.